చలికాలానికి ఇంకొక కారు



బాపట్ల దగ్గరి ఒక పల్లె నుండి సహోదరి ఒకరు వ్రాసిన ఉత్తరము పోయిన నెల అందినది. ఆమె కుమారుడు అమెరికాలో చికాగో దగ్గర ఉద్యోగము చేస్తున్నాడు. చదువు కోసం పొలం మీద తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. ఇంతలో "ఉన్న కారు బాగానే ఉందమ్మా, కాని చలికాలానికి పాతది ఒకటి చవకగా కొంటున్నాను" అని ఫోనులో చెప్పాడట. "ఒక్క మనిషికి రెండు కార్లెందుకండీ? మీరు ఆ దేశములో కొన్నాళ్ళు ఉండి వచ్చారు గదా, ఇది అవసరమా, దుబారానా చెప్పండి" అని ఆమె అడిగారు.

అమ్మా, మీ అబ్బాయి చెప్పినది వింతేమీ కాదు. అక్కడ చాలామంది చేసే పనే. "వింటర్ బీటర్" అని దానికొక పేరు కూడా ఉన్నది. మంచి కారును షెడ్డులో పెట్టి, చలి ఉన్న నాలుగైదు నెలలు ఒక డొక్కు కారును తిప్పుతారు. కారుకు అసలు శత్రువు మంచు కాదు, ఉప్పు.

మీది సముద్రతీరము గనుక ఈ మాట మీకు సులభముగా అర్థమవుతుంది. చినగంజాం ఉప్పుమడుల ప్రక్కన ఇనుప గేటుకు, సైకిలుకు ఏ గతి పడుతుందో మీరు చూచే ఉంటారు. అక్కడ ఆ ఉప్పునే లారీలతో రోడ్ల మీద చల్లుతారు. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు, ఇంకా చల్లబడాలి. అందుచేత రోడ్డు మీది మంచు కరుగుతుంది. డెట్రాయిట్ నగరము క్రిందనే సుమారు 1,200 అడుగుల లోతున పెద్ద ఉప్పుగని ఉన్నదంటే, ఆ దేశములో రోడ్లకు ఎంత ఉప్పు కావాలో ఊహించుకోండి. చలి సున్నాకు తొమ్మిది పది డిగ్రీలు దిగువకు పోతే మామూలు ఉప్పు కూడా పెద్దగా పనిచేయదు. చక్రాల నుండి చిమ్మిన ఆ ఉప్పునీళ్ళు కారు అడుగున పట్టి, పైన రంగు నిగనిగలాడుతూ ఉండగానే క్రింద ఇనుమును తినివేస్తాయి.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి దాచకుండా చెప్పాలి. 2018 చివర నేనూ నా భార్యా డెట్రాయిట్ దగ్గర ఉన్న మా పెద్దమ్మాయి ఇంటికి వెళ్ళాము. అమ్మాయి ఉద్యోగము ఒక దిక్కు, అల్లుడుగారిది ఇంకొక దిక్కు. రెండవ కారు తప్పలేదు. పదిహేనేళ్ళ పాత కారు ఒకటి 2,200 డాలర్లకు వచ్చింది. ఎర్రగా మెరిసిపోతున్నది. "మామయ్యగారూ, కొనే ముందు మెకానిక్కుకు చూపిస్తాను, వంద డాలర్లు తీసుకుంటాడు" అన్నారు అల్లుడుగారు. నేను మనసులో లెక్క వేశాను. ఏడు వేల రూపాయలు! "తలుపులు తీసి చూచాము, ఇంజను శబ్దము విన్నాము, ఇంతకంటె అతను చూచేదేముంది?" అన్నాను. పెద్దవాడి మాట కాదనలేక ఆయన ఊరుకున్నారు.

2019 జనవరి నెలాఖరున ఆ ప్రాంతమంతా సున్నాకు ఇరవై డిగ్రీలు దిగువకు పోయింది. తరువాత కొన్నాళ్ళకు మా అమ్మాయి నాలుగేళ్ళ మనుమణ్ణి వెనుక సీటులో కూర్చోబెట్టుకొని వస్తూ, నాలుగు రోడ్ల కూడలిలో ఆపబోతే బ్రేకు పెడలు అడుగుకంటా దిగిపోయింది. ఈ కాలపు కార్లలో బ్రేకులు రెండు భాగాలుగా ఉంటాయి. ఒకటి పోయినా రెండవది కొంత పట్టుకుంటుంది. ఆ సగము బ్రేకుతో కారు గీత దాటి జారి, ప్రక్కన ఎత్తుగా పోసి ఉన్న మంచు కుప్పలో ఆగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. మనుమడు అది ఆట అనుకొని నవ్వాడట. మా అమ్మాయి మాత్రం ఇంటికి వచ్చి కోటు కూడా విప్పకుండా చాలాసేపు కూర్చున్నది.

కారును పైకి లేపి చూపించినప్పుడు నేనూ వెళ్ళాను. బ్రేకు నూనె పోయే సన్నని ఇనుప గొట్టమును మెకానిక్కు వేలితో గీకితే పొరలు పొరలుగా రాలింది. ఇది ఈ ఏటి తుప్పు కాదన్నాడు. బాగుచేయించడానికి 700 డాలర్లు అయినది. ఇంటిలో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటేనే బాగుండేది.

మిషిగన్ రాష్ట్రములో సొంత కార్లకు ఏటా ప్రభుత్వ తనిఖీ లేదు. కొనేవాడే చూచుకోవాలి. పాత కారు సీటు చిరిగినా, రంగు పోయినా బేరములో తగ్గించుకోవచ్చును. బ్రేకు గొట్టాలు, పెట్రోలు గొట్టాలు, అడుగు చట్రము మాత్రం లిఫ్టు మీద లేపి చూడనిదే తెలియవు. అడుగున కొత్తగా నల్లరంగు పూసి ఉంటే ఇంకా అనుమానించాలి. తలుపుల క్రింది అంచున, చక్రాల పైన చిన్న అయస్కాంతము పెట్టి చూడమనండి. అతుక్కోకపోతే అక్కడ ఇనుము పోయి లప్పము మిగిలిందేమో అడగాలి. సైలెన్సరు తుప్పుపట్టి చిల్లులు పడిందా అన్నది కూడా చూడాలి. ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు. పొగగొట్టము మంచులో కప్పబడి ఉండగా, వెచ్చగా ఉంటుందని పిల్లల్ని కారులో కూర్చోబెట్టి ఇంజను నడపడము ప్రాణాంతకము.

ఇక టైర్లు. ఏడు డిగ్రీల కంటె చలి పెరిగితే మామూలు టైరు రబ్బరు బిగుసుకొని పట్టు తగ్గుతుంది. చలికాలపు టైర్ల రబ్బరు వేరు, అది మెత్తగానే ఉంటుంది. వాటి మీద కొండ బొమ్మలో మంచుపువ్వు గుర్తు ఉంటుంది. కెనడాలోని క్విబెక్ రాష్ట్రములో 2008 నుండి చలికాలములో ఇవి వేయించడము చట్టమే. "నాది నాలుగు చక్రాలకూ ఇంజను బలము అందే బండి, నాకెందుకు" అనే కుర్రవాళ్ళను చూచాను. ఆ బలము బండి కదలడానికే గాని ఆగడానికి సాయపడదు.

సహోదరీ, మీ ప్రశ్నకు వస్తాను. మీ అబ్బాయి ఒంటరివాడు, ఉన్న కారు బాగున్నది. నా అభిప్రాయము, కొనవద్దనే. రెండవ కారుకు వేరే ఇన్సూరెన్సు, వేరే రిజిస్ట్రేషను. మొదటి దాని మీద అప్పు ఉంటే, ఇంట్లో నిలిపినా దానికి పూర్తి ఇన్సూరెన్సు కట్టవలసినదే. అపార్టుమెంటులో ఉంటూ షెడ్డు లేకపోతే మంచి కారు కూడా ఆ మంచులోనే నిలబడుతుంది. ఇక దాచినది ఏమిటి? ఆ డబ్బులో కొంత పెట్టి ఉన్న కారుకే నాలుగు చలికాలపు టైర్లు వేయించి, బ్యాటరీ పరీక్ష చేయించి, చలి కాస్త తగ్గిన రోజుల్లో అడుగు భాగము నీళ్ళతో కడిగిస్తే చాలును. మిగిలినది పొలం అప్పుకు పంపమనండి. రేపు పెళ్ళయి ఇద్దరూ రెండు దిక్కుల ఉద్యోగాలకు పోవలసి వస్తే అప్పుడు పాతది కొనవచ్చు. అప్పుడు మాత్రం మీరు దుబారా అని కోప్పడకండి, మెకానిక్కుకు ఇచ్చే రుసుము దగ్గర అసలే అడ్డుపడకండి.

మా అల్లుడుగారు ఆ ఎర్ర కారును మరి రెండు చలికాలాలు నడిపి తీసివేశారు. ఆ తరువాత ఇంకొక పాతది కొన్నారు. కొనే ముందు దాని అడుగు భాగమును ఫోటో తీసి నాకు పంపారు. ఏది గొట్టమో ఏది తుప్పో నాకు సగము తెలియలేదు. దాని క్రింద మా అమ్మాయి వ్రాసిన ముక్క మాత్రం అర్థమైంది: "నాన్నా, వంద డాలర్లు ఇచ్చాము."