క్యాష్ అనే సర్వరోగనివారిణి

ఎవరి జాలస్థలి మందగించినా ఈ కాలపు సాంకేతిక వైద్యులు ఒకటే గుళిక చేతిలో పెడుతున్నారు: "క్యాష్ పెట్టుకోండి, అంతా సర్దుకుంటుంది." నిమిషానికి వేలమంది వచ్చిపోయే వార్తాస్థలులకు ఆ గుళిక అమృతమే. రోజుకు పదిమందైనా రాని సాహిత్యస్థలులకు మాత్రం అది రోగనిదానం లేకుండా ఇచ్చిన మందు. నిష్కర్షగానే అంటున్నాను, కారణాలు కూడా మనవి చేస్తాను.

ఉచ్చారణ నగదును తలపించినా ఈ క్యాష్ ఫ్రెంచివారి 'దాచుట' అనే క్రియనుంచి పుట్టింది. మనం 'దాపు' అనుకోవచ్చు. ఎవరైనా ఒక పుటను అడిగితే సర్వరు డేటాబేసును వెదకి, వ్యాసాన్నీ పక్కపట్టీలనూ కూర్చి, పుటను అప్పటికప్పుడు వండుతుంది. వండినదానిని దాచి, తరువాత వచ్చినవారికి మళ్ళీ వండకుండా వడ్డించడమే దాపు చేసే పని. దాచిన ప్రతికి ఒక గడువుంటుంది. ఒక గంట అనుకోండి. అది తీరితే మళ్ళీ పొయ్యి వెలిగించవలసిందే.

రహదారిమీది పూటకూళ్ళ ఇంటిలో ఒకరు లేస్తే ఒకరు కూర్చుంటారు. మొదటివాడొక్కడు కాచుకుంటే తక్కిన వందమందికీ విస్తరి సిద్ధం. డొంకదారిలో పూటకొక్క బాటసారి వచ్చే ఇల్లయితే? వండినది గంటకు పారబోస్తారు. తరువాతి బాటసారి మూడు గంటలకు వస్తాడు. అక్కడ వచ్చిన ప్రతివాడూ మొదటివాడే! దాపు ఉన్నదన్న మాటేగాని దాని ఫలం ఒక్కరికీ దక్కదు.

దేశదేశాలలో ప్రతులు దాచే సి.డి.ఎన్. సేవలదీ ఇదే తీరు. సాధారణంగా ఏ కేంద్రం దాపు దానిదే. చోటు చాలనప్పుడు చాలాకాలంగా ఎవరూ అడగని పుటలనే ముందుగా తొలగిస్తారు. ఉచిత హోస్టింగు సేవలలో కొన్ని ఇంకొక అడుగు ముందుకు వేసి, కాసేపు ఎవరూ రాకపోతే ప్రోగ్రామునే నిద్రపుచ్చుతాయి. పాపం, వచ్చిన చదువరి ముందు దానిని లేపాలి. పూటకూళ్ళమ్మ పుణ్యమెరుగదు మరి!

ఈ బాధ స్థలి యజమానికి తెలియదు. ఆయన తన పుటను పదే పదే తెరుస్తాడు. మొదటిసారి మందగించినా రెండవసారి దాపునుంచి దూకివస్తుంది. వేగాన్ని కొలిచే పరికరంతోనూ రెండుసార్లు కొలిచి, పచ్చగుర్తు చూసి మురిసిపోతాడు. ఆయన కొలిచింది రెండవ అతిథి అనుభవాన్ని. ఆ రెండవ అతిథి ఆయనే.

"తెలుగు లిపే బరువు" అనేవారు కొందరు. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు, ఆంగ్లాక్షరం 1 బైటు, నిజమే. 4,000 సంకేతాల వ్యాసం 12,000 బైట్లు. కుదించి పంపితే ఇంకా తగ్గుతుంది. దానిపైన అలంకారానికి పెట్టిన ఒక్క ఛాయాచిత్రం అంతకు ఇరవై రెట్లు ఉండడం కద్దు. నింద లిపిమీద, భారం బొమ్మమీద!

"అందరూ వాడే ఖతి చదువరి బ్రౌజరులో ముందే దాగి ఉంటుంది" అనేది మరొక భ్రమ. 2020లో క్రోమ్ 86, 2021లో ఫైర్‌ఫాక్స్ 85 వచ్చిననాటినుంచి ఆ బ్రౌజర్లు ఏ స్థలి దాపును ఆ స్థలికే విడదీసి ఉంచుతున్నాయి. పొరుగింటిలో దిగిన ఖతి మన ఇంటికి పనికిరాదు. కొత్త అతిథి మన ఖతిని మొదటినుంచీ దింపుకోవలసిందే.

మరి చేయవలసినదేమి? పదేళ్ళ క్రితం రాసిన వ్యాసాన్ని అడిగినప్పుడల్లా వండడమెందుకు? ఒకసారి వండి, స్థిరమైన హెచ్‌టీఎంఎల్ పుటగా నిలిపితే చాలు. అది కుదరనివారు గడువును గంటలలో కాక నెలలలో పెట్టుకొని, వ్యాసం దిద్దినప్పుడే పాతప్రతిని తుడిచివేయవచ్చు. పాతప్రతిని వెంటనే వడ్డించి వెనుక కొత్తది వండుకొనే పద్ధతిని 2010లోనే ఆర్‌ఎఫ్‌సి 5861 చెప్పింది. పక్కపట్టీలలోని గడియారాలు, లెక్కింపుయంత్రాలు తీసివేస్తే ఎవరికీ నష్టం లేదు. చదువరి యంత్రంలో ఉన్న ఖతిని వాడుకుంటే దింపుకొనే పనే లేదు.

"రోజుకు నలుగురు వచ్చేచోట ఇంత తాపత్రయమెందుకు?" అని అడుగుతారు. నాకు కోపం తెప్పించే ప్రశ్న ఇదే. సినిమా వార్త వందచోట్ల దొరుకుతుంది. ఒకచోట ఆలస్యమైతే మరొకచోట చదువుతారు. మరుగునపడిన ఒక మాండలిక పదానికి అర్థమో, ఒక పాత శాసనపాఠమో వెదికేవాడికి ఆ ఒక్క పుటే దిక్కు. తెల్లతెరను చూసిచూసి వాడు వెళ్ళిపోతే, ఆ విషయం అంతర్జాలంలో ఉన్నా లేనట్టే. వాడు మళ్ళీ రాడు. రాకపోకలు తగ్గినకొద్దీ దాపు ఇంకా చల్లారుతుంది, పుట ఇంకా మందగిస్తుంది.

రద్దీని చూసి వేగాన్ని పంచే ఏర్పాటు వ్యాపారికి తగినది. విద్యను దాచి పంచేవాడు ఆ లెక్కను ఒప్పుకోరాదు. మీ స్థలిని ఇవాళ మూడు గంటలు ముట్టకుండా ఉంచి, ఆపైన ఎన్నడూ తెరవని యంత్రంలో ఒక పాతపుటను ఒక్కసారే తెరిచి చూడండి. అప్పటికీ క్యాష్ చాలునంటారా, చర్చకు సిద్ధంగా ఉన్నాను.