తరగతి గది దాటాక

ఆగస్టులో శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్లి చూడండి. ఎక్కేవాళ్ల కంటే సాగనంపేవాళ్లే ఎక్కువ. పెట్టెల్లో ఆవకాయ, కందిపొడి, కుక్కరు. ఫీజు, వీసా, లోను గురించి ఇంటిల్లిపాదీ ఆరా తీసి ఉంటారు. క్లాసు అయిపోయాక అక్కడ ఏం చేస్తావని మాత్రం ఎవరూ అడిగి ఉండరు. ఈ సంచిక ఆ ప్రశ్న కోసమే.

అమెరికాలో సెమిస్టర్ మొదట్లోనే విద్యార్థి సంఘాలన్నీ బల్లలు వేసుకుని కొత్తవాళ్లను పిలుస్తాయి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద, తరగతులు నడిచే రోజుల్లో, క్యాంపస్‌లో వారానికి 20 గంటల దాకా పనిచేయొచ్చు. లైబ్రరీలో పుస్తకాలు సర్దే పని జీతం తక్కువే కానీ మనుషుల్ని పరిచయం చేస్తుంది. నలుగురు తెలుగువాళ్లు ఒకే ఇంట్లో వంతులేసుకుని వండుకోవడం తప్పేం కాదు (ఆ పప్పుచారు రుచే వేరు!). రెండేళ్లూ అందులోనే గడిచిపోతే మాత్రం నష్టమే.

అమెరికా ఒక్కటే దారి కాదు. 1987లో 11 ఐరోపా దేశాల మధ్య 3,244 మంది విద్యార్థుల మార్పిడితో మొదలైన ఎరాస్మస్ పథకానికి అనుబంధంగా వచ్చిన ఎరాస్మస్ ముండస్ మాస్టర్స్ కోర్సు మనవాళ్లకూ అందుతుంది. కనీసం రెండు దేశాల్లో చదువు, ఎంపికైతే నెలకు 1,400 యూరోలు.

ఇక్కడే ఉండేవాళ్లకు 1969 నుంచి జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) ఉంది. దాన్ని సర్టిఫికెట్ కోసమే వాడుకోవడం మన దురదృష్టం.

ఐరోపా వైపు చూసేవాళ్లకు చివరగా ఒక మాట: ముండస్ దరఖాస్తులు ఎక్కువగా అక్టోబరు, జనవరి మధ్యే తీసుకుంటారు. సిఫారసు లేఖల కోసం అధ్యాపకులను ఇప్పుడే కలవండి.