హైడ్రోజన్ లెక్క తేలకముందే కొండ ఎందుకు తవ్వాలి?

పూడిమడక సముద్రం ఒడ్డున హైడ్రోజన్ ప్లాంటు కడితే కొయ్యూరు, చింతపల్లి కొండల్లో ఉన్న మనకేంటి? చదువుకున్న మన పిల్లల్లోనే చాలామంది ఈ మాట అడుగుతున్నారు. పైగా అది బొగ్గు కాదు, బాక్సైట్ కాదు, పొగ రాదు, నీటి నుంచి తీసే ఇంధనం. దాన్ని కూడా వద్దంటే అభివృద్ధికి అడ్డం పడుతున్నామంటారు కదా అని ఒక భయం. ఈ భయం పోవాలంటే ముందు లెక్కలోకి దిగాలి.

2025 జనవరి 8న విశాఖలో ప్రధాని శంకుస్థాపన చేశారు. ఎన్టీపీసీ గ్రీన్ ఎనర్జీ కంపెనీ, సుమారు 1,85,000 కోట్ల పెట్టుబడి, రోజుకి 1,500 టన్నుల గ్రీన్ హైడ్రోజన్, దానికోసం 20 గిగావాట్ల సౌర, పవన విద్యుత్తు. ఇదీ ప్రకటన. అదే పూడిమడకలో అదే ఎన్టీపీసీ ముందు 4,000 మెగావాట్ల బొగ్గు ప్లాంటు పెడతానంది. సుమారు 1,200 ఎకరాలు తీసుకున్నారు. బొగ్గు ప్లాంటు రాలేదు. ఇప్పుడు ఆ భూమి మీదే హైడ్రోజన్ అంటున్నారు. భూమి ఒకటే, బోర్డు మారింది.

1,500 టన్నులంటే ఎంతో ఊహకి అందాలంటే పక్కనే ఉన్న హెచ్‌పీసీఎల్ విశాఖ రిఫైనరీని చూడండి. అక్కడి గ్రీన్ హైడ్రోజన్ ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 370 టన్నులు, అంటే రోజుకి ఒక టన్ను. ఒక టన్ను నుంచి 1,500 టన్నులకి ఒక్క దూకు దూకుతామంటున్నారు.

ఇక కరెంటు. నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడగొట్టే యంత్రాన్ని ఎలక్ట్రోలైజర్ అంటారు. ఒక కిలో హైడ్రోజన్ చేయడానికి 50 నుంచి 55 యూనిట్లు కావాలి. రోజుకి 1,500 టన్నులు చేయాలంటే దగ్గర దగ్గర 8 కోట్ల యూనిట్లు. మన రాష్ట్రంలో ఇళ్లూ, మోటార్లూ, ఫ్యాక్టరీలూ అన్నీ కలిపి రోజుకి వాడేది 20 కోట్ల యూనిట్ల పైచిలుకు. అందులో మూడో వంతుకి సమానమైన కరెంటు ఒక్క చోట పోయాలన్నమాట.

ఆ కిలో హైడ్రోజన్‌ని మళ్ళీ కరెంటుగా మారిస్తే ఎంత వస్తుంది? 16 నుంచి 20 యూనిట్లు. అంతే. 50 పోస్తే 20 కూడా తిరిగి రావు. ఇది ఎవరో దొంగిలించినందుకు కాదు, ప్రకృతి ధర్మం. నీటిని చీల్చేటప్పుడు కొంత వేడిగా పోతుంది, వాయువుని నొక్కి నిల్వ చేసేటప్పుడు కొంత పోతుంది, తిరిగి కరెంటు చేసేటప్పుడు ఇంకొంత పోతుంది. యంత్రాలు మెరుగుపడితే నష్టం తగ్గుతుంది గానీ ఈ మెట్లు మాయమవవు. కాబట్టి 'హైడ్రోజన్‌తో కరెంటు ప్లాంటు' అని ఎవరైనా అంటే, రెండున్నర కుంచాల ధాన్యం మిల్లులో పోసి ఒక్క కుంచం ఇంటికి తెచ్చుకోవడం అని అర్థం చేసుకోండి.

పరవాడ దగ్గర సింహాద్రి ప్లాంటులో ఎన్టీపీసీ 2021లో ఇలాంటి ప్రయోగం ఒకటి ప్రకటించింది. పగలు నీటి మీద తేలే సోలార్ పలకల కరెంటుతో 240 కిలోవాట్ల ఎలక్ట్రోలైజర్ నడిపి హైడ్రోజన్ నిల్వ చేయడం, సాయంత్రం 5 నుంచి ఉదయం 7 వరకు 50 కిలోవాట్ల ఫ్యూయల్ సెల్‌తో కరెంటు తీయడం. ఆ కరెంటు దేనికి? గెస్ట్‌హౌస్‌కి. ప్రయోగంగా చేయడం తప్పు కాదు, సైన్సు అలాగే పెరుగుతుంది. కానీ గెస్ట్‌హౌస్ ప్రయోగానికీ లక్షల కోట్ల హబ్‌కీ మధ్య ఎన్ని మెట్లున్నాయో అడిగే హక్కు మనకుంది.

ఇప్పుడు మన కొండ సంగతికి వద్దాం. సోలార్ పగలే పని చేస్తుంది. కోట్లు పోసి కొన్న ఎలక్ట్రోలైజర్ రాత్రంతా ఖాళీగా కూర్చుంటే హైడ్రోజన్ ధర ఇంకా పెరుగుతుంది. అందుకని రాత్రికీ కరెంటు నిల్వ కావాలి. ఆ నిల్వకి చూపిస్తున్న మార్గం పంప్డ్ స్టోరేజ్: కొండ మీద ఒక జలాశయం, కింద ఒక జలాశయం, మధ్యలో సొరంగం. పగలు మిగులు కరెంటుతో నీళ్ళు పైకి తోడతారు, రాత్రి కిందకి వదిలి టర్బైన్లు తిప్పుతారు. ఎండ అనంతపురంలో ఉంది, సముద్రం పూడిమడకలో ఉంది, ఎత్తయిన కొండ మన దగ్గర ఉంది.

ఇది మన ఊహ కాదు. కాకినాడలో ఏఎం గ్రీన్ కంపెనీ ఏడాదికి 10 లక్షల టన్నుల గ్రీన్ అమ్మోనియా చేస్తామంటోంది. దానికి 24 గంటల కరెంటు కోసం వాళ్ళు చూపించింది కర్నూలు వైపు పిన్నాపురం పంప్డ్ స్టోరేజ్‌నే. మన రాష్ట్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో తెచ్చిన సమగ్ర క్లీన్ ఎనర్జీ పాలసీలో సోలార్, గాలి, పంప్డ్ స్టోరేజ్, గ్రీన్ హైడ్రోజన్ అన్నీ ఒకే కాగితంలో ఉన్నాయి. ఒకే మూటలో కట్టిన వాటిని మనకి మాత్రం విడివిడిగా చూపిస్తున్నారు. కింద వాళ్ళకి హైడ్రోజన్, ఉద్యోగాలు. మనకి 'చిన్న నీటి ప్రాజెక్టు'.

చింతపల్లి, కొయ్యూరు మండలాల మధ్య ఎర్రవరం దగ్గర 1,200 మెగావాట్లది గత ప్రభుత్వం షిర్డీ సాయి ఎలక్ట్రికల్స్‌కి కేటాయించింది. అనంతగిరి వైపు పెదకోట 1,000 మెగావాట్లు అదానీకి. ఇప్పటి ప్రభుత్వం వచ్చాక గుజ్జిలి 1,500, చిట్టంవలస 800 నవయుగకి. పార్టీ మారింది, కంపెనీల పేర్లు మారాయి, కొండ మాత్రం మనదే.

పంప్డ్ స్టోరేజ్‌లో కూడా 100 యూనిట్లు పెడితే తిరిగొచ్చేది 75 నుంచి 80. ఆ 80తో హైడ్రోజన్ చేసి, ఆ హైడ్రోజన్‌తో మళ్ళీ కరెంటు చేస్తే చివరికి చేతికొచ్చేది 100లో పాతిక, ముప్ఫై. ఆ మధ్యలో పోయిన 70 యూనిట్ల కోసం కూడా కొండ తవ్వాలి, గెడ్డ కట్టాలి, జీడితోట ముంచాలి.

నిజం చెప్పాలంటే హైడ్రోజన్ అంతా దండగ అనడం కూడా తప్పే. యూరియా, డీఏపీ లాంటి ఎరువులకి అమ్మోనియా కావాలి, అమ్మోనియాకి హైడ్రోజన్ కావాలి. ఇప్పుడు దాన్ని సహజవాయువు నుంచి తీస్తున్నారు, దాని పొగ గాల్లో కలుస్తోంది. అక్కడ గ్రీన్ హైడ్రోజన్ వాడితే అర్థం ఉంది. 2025లో కేంద్ర సంస్థ సెకీ పెట్టిన వేలంలో ఒడిశా పారాదీప్ ఎరువుల ఫ్యాక్టరీకి కిలో గ్రీన్ అమ్మోనియా 55 రూపాయల 75 పైసలకి ఇస్తామని ఒక కంపెనీ ముందుకొచ్చింది. చాలామంది అనుకున్నదానికంటే తక్కువ ధర. కానీ అక్కడ ఏం జరిగిందో గమనించండి: ముందు కొనేవాడు దొరికాడు, ఎన్నేళ్ళు కొంటాడో, ఎంతకి కొంటాడో కాగితం మీదకి వచ్చింది. పైగా ప్రభుత్వ ప్రోత్సాహకం ఉంది. జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కి 2023 జనవరిలో 19,744 కోట్లు కేటాయించారు. అందులోంచి మొదటి ఏడాది కిలో హైడ్రోజన్‌కి గరిష్ఠంగా 50 రూపాయలు, రెండో ఏడాది 40, మూడో ఏడాది 30 ఇస్తారు. నాలుగో ఏడాది నుంచి కంపెనీ తన కాళ్ళ మీద తను నిలబడాలి. నిలబడకపోతే?

నిలబడకపోతే ఏమవుతుందో ప్రపంచం చూపించింది. దక్షిణ ఆస్ట్రేలియాలో వయాల్లా అనే ఊళ్ళో హైడ్రోజన్‌తో నడిచే 200 మెగావాట్ల కరెంటు ప్లాంటు కడతామని 2022 ఎన్నికల్లో హామీ ఇచ్చారు. 593 మిలియన్ డాలర్లు, మన డబ్బులో సుమారు 3 వేల కోట్లు. 2025 ఫిబ్రవరిలో పక్కన పెట్టేసి, ఆ డబ్బుని అదే ఊళ్ళో మూతపడబోతున్న ఉక్కు ఫ్యాక్టరీకి మళ్ళించారు. ఫార్టెస్క్యూ అనే గనుల కంపెనీ 2030 కల్లా ఏడాదికి కోటిన్నర టన్నుల గ్రీన్ హైడ్రోజన్ అంది. 2024లో ఆ లక్ష్యాన్ని వదిలేసింది, 2025 జులైలో అమెరికాలోని ఆరిజోనాలో, ఆస్ట్రేలియాలోని గ్లాడ్‌స్టన్‌లో ప్రాజెక్టులు ఆపేసింది. ఆర్సెలార్ మిట్టల్‌కి జర్మనీ ప్రభుత్వం 130 కోట్ల యూరోల సాయం చూపించినా, హైడ్రోజన్ ఉక్కు మా వల్ల కాదని 2025 జూన్‌లో వెనక్కి వెళ్ళింది. ఇవేవీ బీద దేశాలు కావు, చిన్న కంపెనీలూ కావు. ఇవాళ్టికీ ప్రపంచం వాడే దాదాపు 10 కోట్ల టన్నుల హైడ్రోజన్‌లో కాలుష్యం తక్కువగా చేసింది నూటికి ఒక వంతు కూడా లేదు.

కంపెనీలు వెనక్కి వెళ్ళడం వాళ్ళకి పెద్ద విషయం కాదు. ఒక ప్రకటన, షేరు ధరలో నాలుగు రోజుల కదలిక. కానీ కొండకి వెనక్కి వెళ్ళే దారి లేదు. సొరంగం తవ్వాక ఊట దారి మారితే దాన్ని మళ్ళీ ఊటలోకి ఎవరు తీసుకొస్తారు? మునిగిన పోడు, లేచిపోయిన మిరియాల తీగ, ఊరి శంకుదేవుడి రాయి ఏ జీవోతో తిరిగొస్తాయి?

ఈ దారి మనం ఇంతకుముందు చూశాం. నర్సీపట్నం వెళ్ళేవాళ్ళకి మాకవరపాలెం తెలుసు. అక్కడ అన్‌రాక్ అల్యూమినియం ఫ్యాక్టరీ ముందు కట్టారు. ముడిసరుకు మాత్రం చింతపల్లి, జెర్రెల కొండల్లో ఉంది. కట్టేసిన తర్వాత ఒకటే పాట: వేల కోట్లు పెట్టేశాం, ఇప్పుడు బాక్సైట్ ఇవ్వకపోతే ఎలా? 2015 నవంబరులో జీవో 97 వచ్చింది, 1,212 హెక్టార్లు. జనం లేచారు, జీవో ఆగింది, 2019లో లీజులు రద్దయ్యాయి. ఫ్యాక్టరీ ఏళ్ళ తరబడి ముడిసరుకు లేక పడుంది. ఎస్.కోట బొడ్డవర దగ్గర జిందాల్ అల్యూమినా కోసం 2007-08లో వెయ్యి ఎకరాలకి పైగా తీసుకున్నారు. అరకు బాక్సైట్ రాలేదు, ఫ్యాక్టరీ రాలేదు, భూమి రైతులకీ రాలేదు. 2025లో అదే భూమిలో ఎంఎస్ఎంఈ పార్కు అన్నారు, రైతులు మళ్ళీ రోడ్డెక్కారు.

కింద ఫ్యాక్టరీ కట్టు, తర్వాత కొండని అడుగు. అప్పుడు బాక్సైట్, ఇప్పుడు నీళ్ళు, ఎత్తు. అందుకే పూడిమడకలో జరిగేది మనకి సంబంధించిన విషయమే అంటున్నాం. అక్కడ లక్ష కోట్లు దిగాక ఇక్కడ గ్రామసభ 'వద్దు' అంటే, ఆ ఒక్క మాట మీద దేశం మొత్తం ఆగిపోయిందని పేపర్లు రాస్తాయి. 'వద్దు' అనో, 'ఆగండి' అనో చెప్పాల్సింది ఇప్పుడే.

ఉద్యోగాల మాట కూడా ఒకసారి. నూటికి నూరు టీచరు పోస్టులు మన పిల్లలకే అన్న జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద గవర్నరు పేరుతో వచ్చిన ఉత్తర్వుకే ఆ గతి పడితే, కంపెనీ మేనేజరు సర్వే రోజు నోటితో చెప్పిన ఉద్యోగం ఎన్నాళ్ళు ఉంటుంది? జలాశయాలు కట్టేటప్పుడు కూలి పని ఉంటుంది, నిజమే. ఆ తర్వాత సొరంగంలో టర్బైన్లు తిప్పడానికి కొద్దిమంది చాలు. ఇదే గూడెం కొండల్లో బాస్టియన్ అనే డిప్యూటీ తాసిల్దారు కూడా రోడ్డు వేస్తున్నాననే చెప్పాడు. ఆ రోడ్డు కూలి దగ్గర మొదలైన కడుపుమంట 1922లో చింతపల్లి పోలీస్ స్టేషన్ దాకా వెళ్ళింది. కొయ్యూరులో అల్లూరి వర్ధంతికి దండలు వేసే నాయకులకి ఈ ముక్క ఎవరైనా గుర్తు చేస్తే బాగుణ్ణు.

చట్టం మన వైపు బలహీనంగా ఏం లేదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో 1/70 ఉంది. ప్రైవేటు కంపెనీ కూడా గిరిజనేతర వ్యక్తే, దానికి లీజు చెల్లదని 1997 సమతా తీర్పు చెప్పింది. పీసా ఉంది, దాని కింద 2011లో వచ్చిన రాష్ట్ర నియమాలున్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. ఒక్క ఇబ్బంది: కొయ్యూరు మండలంలో కొన్ని ఊళ్ళు షెడ్యూల్డ్ ప్రాంతానికి బయట మిగిలిపోయాయి. అక్కడ 1/70 పనిచేయదు, భూమి తేలిగ్గా చేతులు మారుతుంది. ఆ ఊళ్ళ వాళ్ళు అటవీ హక్కుల దరఖాస్తులు పెండింగ్‌లో ఉంటే ముందు అవి తేల్చుకోవాలి. ఎందుకంటే ఆ చట్టానికి షెడ్యూలు గీత అడ్డం కాదు.

గ్రామసభలో మనం అడగాల్సింది 'ప్రాజెక్టు కావాలా వద్దా' అన్న ఒక్క ప్రశ్న దగ్గర ఆగకూడదు. ఈ కరెంటు ఎవరు కొంటున్నారు? హైడ్రోజన్ కోసమైతే ఆ హైడ్రోజన్ కొనేవాళ్ళెవరు, ఎంతకి, ఎన్నేళ్ళకి? ఆ ఒప్పందాలు తెలుగులో, సంతకాలతో, గ్రామసభ ముందు పెట్టాలి. మధ్యలో వదిలేసి వెళ్తే భూమి ఎవరి పేరు మీద ఉంటుంది, కొండని పూడ్చే డబ్బు ముందే ఎక్కడ డిపాజిట్ చేశారు? ఇవి తేలేవరకు సర్వే రాయి కూడా పాతకూడదని తీర్మానం రాయండి. నోటిమాట కాదు, రిజిస్టరులో, హాజరైనవాళ్ళ వేలిముద్రలతో. నకలు ఐటీడీఏ పీవోకి ఒకటి, కలెక్టరుకి ఒకటి, మన దగ్గర ఒకటి.

పాడేరు, నర్సీపట్నం, విశాఖలో డిప్లొమా, ఇంజినీరింగ్, బీఎస్సీ చదువుతున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, పైన రాసిన యూనిట్ల లెక్కలు మీ పుస్తకాలు దగ్గర పెట్టుకుని సరిచూడండి. తర్వాత సెలవులకి ఊరొచ్చినప్పుడు సంత రోజు చెట్టు కింద నలుగురిని కూర్చోబెట్టి, కుంచంతో కొలిచి చూపించండి. పెద్దవాళ్ళకి గిగావాట్లు అక్కర్లేదు, ఎంత పోస్తే ఎంత తిరిగొస్తుందో వాళ్ళకి మనకంటే బాగా తెలుసు.