గృహశోభ: ఏది కొనాలి, ఎక్కడ ఉంచాలి

ప్రభుత్వరంగ సంస్థల టౌన్‌షిప్పులలో నివసించే కుటుంబాలకు ఇల్లు ఒక్కటి కాదు. ఉద్యోగపర్వం ముగిసేలోగా నాలుగో అయిదో ఇళ్లు మారక తప్పదు. గోడల రంగు సంస్థ వేయించినదే, కిటికీల కొలతలు సంస్థ నిర్ణయించినవే, వరుసలో ఉన్న క్వార్టర్లన్నిటికీ గదుల పొందిక ఒక్కటే. ఇన్నింటిలో మన ప్రమేయం లేనప్పుడు, ఇది ఫలానావారి ఇల్లని గడపలో అడుగుపెట్టిన అతిథికి తెలియజెప్పేవి ఇంట్లోని చిన్న చిన్న అలంకరణ వస్తువులే. కనుక వాటి ఎంపికను గురించీ, అమరికను గురించీ ఈ మారు కాస్త తీరికగా ముచ్చటించుకుందాం.

మన ఇళ్లలో లోపం వస్తువులు లేకపోవడం కాదు, మితిమీరి ఉండటం. ముందుగదిలోని అద్దాల బీరువాను ఒకసారి పరికించండి. పూరీలో కొన్న గవ్వల బొమ్మ, ఆగ్రాలో కొన్న తాజ్‌మహల్ నమూనా, పిల్లలు ఆటలపోటీల్లో గెలిచిన కప్పులు, భద్రతా వారోత్సవాల జ్ఞాపిక, ఉత్పాదకతా వారోత్సవాల జ్ఞాపిక, ఎవరు ఎందుకిచ్చారో గుర్తులేని మరొక జ్ఞాపిక. అన్నీ ఒకదాని వెనుక ఒకటి నక్కి ఉండటం వల్ల ఏ ఒక్కటీ కంటికి ఆనదు. జ్ఞాపికలను పారవేయమని మేము చెప్పబోము. అవి చెమటోడ్చి సంపాదించుకున్నవి. కాని వాటికి తగిన చోటు చదువుకునే గదిలో ఒక అర. ముందుగదిలో ఉంటే అవి అతిథికి ఇంటాయన హోదాను చెబుతాయే గాని ఇంటిని గురించి ఏమీ చెప్పవు. ఒకప్పుడు ఈ రద్దీలో కొంత భారాన్ని టీవీ పెట్టె నెత్తిన మోసేది. ఇప్పటి టీవీలు గోడకు అంటుకుపోయాయి గనుక ఆ సదుపాయమూ పోయింది, ఒక విధంగా మంచిదే.

మన పెద్దలకు ఈ చిక్కు ఎందుకు రాలేదో ఆలోచించదగినది. పాత ఇళ్ల గోడలలో గూళ్లుండేవి; గూటిలో ఒక దీపమో, ఒక విగ్రహమో, అంతే. బొమ్మలు ఏడాది పొడుగునా పాత మెత్తని గుడ్డలలో చుట్టుకుని పెట్టెలో నిద్రించేవి. దసరాకు, కొన్ని ఇళ్లలో సంక్రాంతికి, మెట్లు కట్టి వస్త్రం పరచి కొలువు తీర్చేవారు. పండుగ వెళ్లగానే మళ్లీ పెట్టెలోకి. ఏడాదిలో కొద్దిరోజులే దర్శనమిచ్చే బొమ్మ ప్రతి ఏటా కొత్తగానే తోచేది. జపాను ఇళ్లలో తోకొనోమా అనే చోట ఋతువును బట్టి ఒక చిత్రపటాన్నీ ఒక పూల అమరికనూ మాత్రమే ఉంచుతారని విని మెచ్చుకుంటాం. మన కొలువు వెనుక ఉన్నదీ ఆ యుక్తే. ఇంట్లో ఉన్న వస్తువులను మూడు వంతులు చేసి, ఒక వంతును బయట ఉంచి, తక్కిన రెండింటినీ పెట్టెలో భద్రపరచి, నాలుగేసి నెలలకొకసారి మార్చిచూడండి. పది అడుగులకు పన్నెండు అడుగుల గదికి అయిదారు వస్తువులు చాలు. దుమ్ము తుడిచే పని కూడా మూడోవంతుకు తగ్గుతుందని గృహిణులకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక ఎంపిక. ఇందులో మన టౌన్‌షిప్పుల వాసులకు ఒక అదృష్టం ఉంది, చాలామంది దానిని గుర్తించరు. గనుల దగ్గర, నదుల దగ్గర, అడవుల దగ్గర వెలసిన మన పారిశ్రామిక పట్టణాలకు చేరువలోనే దేశంలోని గొప్ప హస్తకళలు కూడా పుట్టి పెరిగాయి. దుర్గాపూర్‌లో ఉన్నవారు దామోదర్ నది దాటితే బాంకురా జిల్లా; పొడవైన మెడ, నిక్కిన చెవులు గల మట్టి గుర్రాల పుట్టిల్లు పాంచ్‌మురా ఆ జిల్లాలోనిదే. భిలాయి ఉన్న ఛత్తీస్‌గఢ్‌లోనే, బస్తర్ ప్రాంతపు కొండగావ్‌లో మైనపు అచ్చుతో పోతపోసే ఢోక్రా లోహపు బొమ్మలు తయారవుతాయి. మూసను పగలగొడితేగాని బొమ్మ బయటకు రాదు గనుక ఏ రెండు బొమ్మలూ ఒక్క తీరుగా ఉండవు. బొకారోకు పొరుగునున్న హజారీబాగ్ ప్రాంతపు స్త్రీలు మట్టిగోడలపై వేసే సొహ్‌రాయ్ చిత్రాలు ఇప్పుడు కాగితంపైనా గుడ్డపైనా లభిస్తున్నాయి. 2020లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. విశాఖవాసులకు ఎలమంచిలి దగ్గరి ఏటికొప్పాక ఎంతో దూరం కాదు. అక్కడి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించగా, వాటికి సహజ వర్ణాలను తిరిగి అలవాటు చేసిన సి.వి. రాజుగారిని 2023లో పద్మశ్రీ వరించింది. అయినా ఆ ఊళ్లలో ఏళ్ల తరబడి పనిచేసి, బదిలీ అయి వచ్చేటప్పుడు బజారులో దొరికే ప్లాస్టిక్ పూలగుత్తిని వెంటబెట్టుకుని వచ్చేవారు కద్దు. పనిచేసిన ప్రతి ఊరి నుంచి ఒక్క వస్తువు, ఆ ఊరు మాత్రమే ఇవ్వగలిగినది, వీలైతే చేసినవారి చేతి నుంచే తీసుకోవడం మంచి నియమం. దానివల్ల పనివారికి నాలుగు డబ్బులు ఎక్కువ ముడతాయి, మనకు దాని మంచిచెడ్డలు తెలుస్తాయి.

మంచిచెడ్డలు తెలియడం ఎందుకు అవసరమంటే, వస్తువును ఎక్కడ ఉంచాలో నిర్ణయించేది మన అభిరుచి కన్నా ముందు అది దేనితో తయారైందన్న సంగతి. కొండపల్లి బొమ్మను తెల్ల పొణికి కర్రతో చెక్కి, చింతగింజల పిండిలో రంపపుపొట్టు కలిపిన ముద్దతో భాగాలను అతికి, సున్నం పూతపై రంగులు వేస్తారు. దానిని తడిగుడ్డతో తుడవడమంటే చేసిన పనిని విప్పుకోవడమే. మెత్తని పొడి కుంచె చాలు; స్నానాల గది గోడకు ఆనుకున్న అరలో దానిని ఉంచవద్దు. ఏటికొప్పాక బొమ్మది అంకుడు కర్ర, కర్ణాటకలోని చన్నపట్న బొమ్మదీ అదే. తిరిగే కర్రకు లక్కకడ్డీని ఆనిస్తే ఆ రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. వేడితో వచ్చిన మెరుపు వేడితోనే పోతుంది కనుక ఎండ తగిలే కిటికీ గట్టు దానికి చోటు కాదు. శ్రీకాళహస్తి కలంకారీకి కూడా ఎండ పనికిరాదు. దానిలోని నలుపు ఎలా పుడుతుందో మన ఉక్కు కర్మాగారాల వారికి ప్రీతి కలిగించే విషయం: తుప్పుపట్టిన ఇనుమును బెల్లంనీటిలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన ద్రవం, కరక్కాయ రసం పట్టిన గుడ్డపై పడగానే నల్లబడుతుంది.

బిదరీ పాత్రలకు జరిగే అపచారం అన్నిటికన్నా ఎక్కువ. తుత్తునాగంలో కొద్దిగా రాగి కలిపి పోతపోసి, వెండితీగ పొదిగి, బీదర్ కోటలోని పాతమట్టిని నవాసాగరంతో కలిపి పూయగా వచ్చిన నలుపు అది. అది మురికి అనుకుని చింతపండు పెట్టి తోమేవారున్నారు! నలుపు వెలిసినట్లు కనిపిస్తే రెండు చుక్కల కొబ్బరినూనె రాసి మెత్తని గుడ్డతో తుడవండి, అంతకు మించి అక్కరలేదు. చింతపండు వైద్యం పూతలేని ఇత్తడికి చెల్లుతుంది. తోమిన తరువాత చెమ్మ ఏమాత్రం లేకుండా ఆరబెట్టాలి, సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మరీను. మెరుపు పూత వేసిన మొరాదాబాద్ ఇత్తడికి పొడిగుడ్డే. కొనేటప్పుడు ఒక అయస్కాంతాన్ని జేబులో వేసుకుని వెళ్లండి. ఇత్తడికి అది అంటుకోదు, ఇత్తడి పూత వేసిన ఇనుముకు అంటుకుంటుంది. దుకాణదారు మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

అదృష్టం కోసం కొనే వస్తువుల మాట కూడా ఒకటుంది. బొజ్జ నిమురుకునే నవ్వు బుద్ధుడి పైన మాకు ఆక్షేపణ లేదు గాని, నీళ్ల గాజుసీసాలో అమ్మే అదృష్టపు వెదురు అసలు వెదురే కాదు, డ్రసీనా జాతి మొక్క. అందంగా ఉంటే ఉంచుకోవచ్చు.

గోడల విషయానికి వస్తే, మన ఇళ్లలో పటాలన్నీ కప్పుకు దగ్గరగా వేలాడుతుంటాయి. దేవుళ్ల పటాలనూ, గతించిన పెద్దల ఫోటోలనూ పైన ఉంచడం గౌరవసూచకం. ఆ అలవాటునే ప్రకృతి దృశ్యానికీ, చేర్యాల నకాశీ చిత్రానికీ వర్తింపజేయడంతో వాటిని చూడటానికి మెడ ఎత్తవలసివస్తోంది. పటం మధ్యభాగం నేల నుంచి 57 మొదలు 60 అంగుళాల ఎత్తున ఉంటే నిలుచున్నవారి చూపుకు సరిపోతుంది. కూర్చుని చూసే గదిలో ఇంకొంత దించవచ్చు. దివాన్ పైన అయితే దాని వీపుకూ పటానికీ నడుమ ఆరేడు అంగుళాల కన్నా ఎడం ఉండకూడదు. క్వార్టరు గోడకు పది మేకులు కొట్టడం కన్నా పైభాగాన ఒక చెక్క బద్దీని బిగించి, దాని నుంచి సన్నని తీగలతో పటాలను వేలాడదీస్తే ఖాళీ చేసేనాడు పూడ్చవలసిన రంధ్రాలు తక్కువ.

వెలుతురు కూడా అలంకరణలో భాగమే. గది నడుమ ఒక్క ట్యూబులైటు వేస్తే అన్ని వస్తువులూ ఒకే తీరున పాలిపోతాయి. మూలలో పసుపుపచ్చని కాంతినిచ్చే చిన్న దీపం ఒకటి చాలు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు మేకతోలుపై చిత్రించే దీపపు తొడుగులు ఇందుకు ఎంతో అనువైనవి; ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించింది. వెనకటి తీగబల్బుల వేడికి తోలు ముడుచుకుంటుందన్న భయం ఉండేది. ఎల్.ఇ.డి. బల్బులు వచ్చాక ఆ బెంగ లేదు.

అటకపై ఉన్న అమ్మమ్మగారి ఇత్తడి గంగాళాన్ని కిలోల లెక్కన తూకానికి వేయకముందు ఒకసారి కిందికి దించి చూడండి. అందులో మొక్క పెట్టదలిస్తే మట్టిని నేరుగా పోయక, మొక్క ఉన్న కుండీని లోపల దింపండి. నీళ్లు పోసి పూలు తేలవేసే ముచ్చట ఉంటే వారానికి రెండుసార్లయినా నీరు మార్చాలి. లేకుంటే అది దోమల పెంపకమే అవుతుంది.

బదిలీ ఉత్తర్వులు వచ్చినప్పుడు ఈ వస్తువులను కట్టే పనిని లారీవారికి వదిలివేయరాదు. వార్తాపత్రిక నేరుగా చుడితే దాని సిరా తెల్లరంగుకు అంటుకుంటుంది; ముందు పాత నూలుగుడ్డ, దానిపైన కాగితం. నకాశీ చిత్రాన్ని మడతపెట్టవద్దు. బొమ్మవైపు వెలుపలికి వచ్చేలా వదులుగా చుట్టండి, లోపలికి చుడితే రంగు నలిగి పగుళ్లు వస్తాయి. బాంకురా గుర్రం చెవులూ తోకా విడిగా చేసి గుచ్చినవే కనుక వాటిని ఊడదీసి వేరే పొట్లం కట్టవచ్చు. ఒక్కొక్క పొట్లంలో ఒక చీటీ కూడా ఉంచండి: ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎవరి చేతి పని, ఎందుకు కొన్నాం. పదవీవిరమణ అనంతరం సొంత ఇంట్లో ఆ పెట్టెను విప్పేది మనమే కావచ్చు. ఏ అమెరికా నుంచో సెలవులకు వచ్చిన పిల్లలూ కావచ్చు, వారికి ఆ ఊళ్ల పేర్లయినా గుర్తుండకపోవచ్చు. చీటీని పెన్సిల్‌తోనే రాయండి, పెన్ను సిరా చెమ్మ తగిలితే గుడ్డకు పాకుతుంది.