ముద్దాయి లాయరూ ఆడిటరే

టీవీ చర్చల్లో, టీ కొట్ల దగ్గర, ఆఖరికి పెళ్లి భోజనాల బంతిలో కూడా ఒకటే మాట: కోట్లు మింగినవాడు పెద్ద లాయర్ని పెట్టుకుని బయటపడతాడు, ఆ వకాల్తా పట్టినవాడికీ పాపంలో వాటా ఉంది. నల్లకోటు వేసుకునే నాకు ఈ మాట మొహమ్మీదే చెప్పినవాళ్లున్నారు. వడ్డన మాత్రం ఆపలేదు, సంతోషం.

ఈ వాదనకు అందరూ తెచ్చే ఉదాహరణ సత్యం కుంభకోణం. సరే, అదే చూద్దాం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన లేఖ బయటికొచ్చేనాటికి కంపెనీ పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు అసలు లేనేలేవని ఆ లేఖే చెప్పింది. ఆడిటర్లు సంతకాలు పెట్టారు, డైరెక్టర్లు తలలూపారు, 2008లో చక్కటి కార్పొరేట్ పాలనకని గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా చేతికొచ్చింది. ‘ఈ డిపాజిట్ కాగితం బ్యాంకు నుంచే వచ్చిందా, మీరే తెచ్చిచ్చారా?’ అని గట్టిగా నిలదీసినవాడు లేకపోబట్టే ఆ మోసం అన్నేళ్లు బతికింది.

ఛార్జిషీటు కూడా ఒక లెక్కే. దర్యాప్తు సంస్థ రాసుకొచ్చిన లెక్క. దాన్ని పద్దు పద్దుకీ ఆపి ‘ఇదెక్కడిది?’ అని అడిగేది ముద్దాయి లాయరు. ఆ అడిగేవాణ్ణి కూడా వద్దంటున్నారు.

2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు సత్యం కేసులో పదిమందికీ ఏడేళ్ల జైలు వేసింది. నెల తిరిగేసరికి బెయిలొచ్చింది, జనానికి గుర్తున్నది అదే. నాకు గుర్తున్నది వేరు. ఛైర్మన్‌కీ ఏడేళ్లే, ఫైనాన్స్ విభాగంలో జీతానికి పనిచేసినవాళ్లకీ ఏడేళ్లే. ఆర్థిక నేరం కేసుల్లో నా గది మెట్లెక్కేది ఎక్కువగా ఈ రెండో రకమే.

ఒక అకౌంట్స్ కుర్రాడు వచ్చాడు. పేర్లెందుకు. సాయంత్రం ఆరున్నరకి కాన్ఫరెన్స్ గదిలోకి పిలిచారట. ఫోనూ ల్యాప్‌టాపూ బల్లమీద పెట్టించారట. ఎదురుగా ఉన్నాయన ‘నేను లాయర్ని’ అంటే, పాపం, తన తరఫునే వచ్చాడనుకున్నాడు. ఆయన కంపెనీ లాయరు! రాత్రి పదింటికి పదకొండు పేజీల స్టేట్‌మెంటు మీద సంతకం పెట్టించుకున్నారు, జిరాక్సు ఇవ్వలేదు. ఓచర్ల మీద ఇతని పొట్టి సంతకాలున్నాయి. పెట్టమని పైనుంచి వచ్చిన మెయిలు ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయింది.

ఇలాంటి కేసు ఈడీ (ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్) చేతికి వెళ్తే ఇంకా ఇరుకు. వాళ్ల ముందు ఇచ్చే వాంగ్మూలం కోర్టులో సాక్ష్యంగా నిలుస్తుంది. కేసు నమోదు పత్రం నకలు ముద్దాయికి ఇచ్చి తీరాలని లేదని సుప్రీంకోర్టు 2022 జులై 27న తేల్చింది. ఇక బెయిలు కావాలంటే, విచారణ మొదలు కాకముందే, తాను నేరం చేసి ఉండకపోవచ్చని జడ్జికి నమ్మకం కలిగించాలి. లాయరు లేకుండా ఎవరి వల్లవుతుంది? బొగ్గు గనుల కేటాయింపు కేసుల్లో ముద్దాయి అయిన బొగ్గు శాఖ మాజీ కార్యదర్శి హెచ్.సి. గుప్తా 2016లో, లాయర్ల ఖర్చు భరించలేను, బెయిలు వదులుకుని జైలు నుంచే విచారణ ఎదుర్కొంటానని కోర్టుకు చెప్పుకున్నారు. ఢిల్లీలో అంతటి కుర్చీలో కూర్చున్నాయన సంగతే అది.

వాయిదాల మీద వాయిదాలు లాగి, సాక్షులు ముసలివాళ్లయ్యేదాకా కేసు నానబెట్టే లాయర్లు మాలో ఉన్నారు. వాళ్లను నేను వెనకేసుకు రాను. కానీ కేసులు వీగిపోయేది వాళ్ల చలవతోనేనా? 2017 డిసెంబర్ 21న 2జీ స్పెక్ట్రమ్ కుంభకోణం కేసులో అందరినీ వదిలేస్తూ ప్రత్యేక జడ్జి, చెల్లే సాక్ష్యం ఎవరైనా తెస్తారేమోనని ఏడేళ్లు ఎదురుచూశానని రాశారు. దానిమీద సీబీఐ అప్పీలుకు వెళ్లింది, అది వేరే సంగతి. సాక్ష్యం తేవాల్సింది ప్రాసిక్యూషన్. తిట్లు మాత్రం అవతలి లాయరుకి.

కుర్రాడి కేసు వచ్చే వారం వాయిదాకి ఉంది. ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్ కాపీ ఇప్పించమని పిటిషన్ వేశాను. కౌంటర్ వేయడానికి ప్రాసిక్యూషన్ మూడోసారి గడువడిగింది.