కాబోయే అమ్మకు: బిడ్డ బాగా తిరుగుతోందా?

"ఏమ్మా, బిడ్డ బాగా తిరుగుతోందా?" కడుపుతో ఉన్న అమ్మాయి కనబడితే చాలు, పక్కింటి పిన్నిగారి దగ్గర్నుంచి పూలమ్మే ఆవిడ దాకా అందరూ అడిగే ప్రశ్న ఇది. మేం డాక్టర్లం కూడా మొదట అడిగేది అదే. దానికి జవాబు చెప్పగలిగేది మాత్రం ఒక్క తల్లే.

ఆమధ్య ఒకమ్మాయి పరీక్షకి వచ్చింది. తొలిచూలు. ఎనిమిది నెలలు నిండాయి. పురిటికని పుట్టింటికొచ్చి వారమైంది. బరువు, బీపీ అన్నీ చూపించుకుని వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగింది. "నిన్నట్నించి అంతగా తన్నడం లేదండీ. అమ్మనడిగితే, నెలలు నిండుతున్నాయి కదా, చోటు చాలక తిరగదులే అంది" అంది. వెంటనే పడుకోబెట్టి బిడ్డ గుండె చప్పుడు చూశాం. చప్పుడు ఉంది గానీ ఉండాల్సిన తీరులో లేదు. స్కానింగ్‌లో ఉమ్మనీరు బాగా తగ్గిపోయి కనిపించింది. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేశాం. బిడ్డ బరువు రెండు కిలోలు దాటలేదు, అయినా కెవ్వున ఏడ్చింది!

ఆ మాట అనకుండానే వెళ్ళిపోయి ఉంటే? తెల్లారాక చూద్దాంలే అని ఆగి, ఒట్టి చేతులతో ఇంటికెళ్ళిన తల్లుల్ని కూడా చూశాను. అందుకే ఈ వారం ఈ సంగతి.

మొదటి కదలిక ఎప్పుడు?

తొలి కాన్పు వాళ్ళకి సాధారణంగా 18 నుంచి 20 వారాల మధ్య, అంటే అయిదో నెలలో తెలుస్తుంది. రెండో కాన్పు వాళ్ళు 16 వారాలకే గుర్తుపట్టేస్తారు. మొదట్లో అది తన్నులా ఉండదు. సీతాకోకచిలుక రెక్కలాడించినట్టో, నీళ్ళలో బుడగ లేచినట్టో ఉంటుంది. కడుపులో గ్యాసేమో అనుకునేవాళ్ళే ఎక్కువ. మాయ గర్భసంచికి ముందువైపు ఉంటే ఇంకాస్త ఆలస్యంగా తెలియొచ్చు. 24 వారాలు నిండినా ఒక్కసారీ తెలియకపోతే మాత్రం డాక్టరుకి చూపించుకోవాలి.

బిడ్డకీ ఓ దినచర్య

లోపలి బిడ్డ కూడా నిద్రపోతుంది. ఆ నిద్ర మామూలుగా 20 నుంచి 40 నిమిషాలు. గంటన్నర దాటడం అరుదు. చాలామందికి సాయంత్రం, రాత్రి పడుకున్నాక కదలికలు ఎక్కువ తెలుస్తాయి. పగలు ఇంటిపనిలో పడి మనం గమనించం, అంతే. 28 వారాలు వచ్చేసరికి ప్రతి బిడ్డకీ తనదైన అలవాటు ఏర్పడుతుంది. మీ తోటికోడలి బిడ్డ ఎంత తన్నిందన్నది మీకు అనవసరం. మీ బిడ్డ నిన్నా మొన్నా ఎలా ఉంది, ఇవాళ ఎలా ఉంది అన్నదే లెక్క.

చోటు చాలక తిరగదా?

ఇది మన ఇళ్ళలో తరతరాలుగా వస్తున్న మాట. తొమ్మిదో నెలలో కదలిక తీరు మారొచ్చు. గట్టి తన్నులకి బదులు ఒత్తినట్టు, దొర్లినట్టు ఉండొచ్చు. కానీ కదలడం తగ్గకూడదు, నొప్పులు మొదలయ్యేదాకా ఉండాలి. మాయ నుంచి రక్తం సరిగా అందకపోతే బిడ్డ ఉన్న ప్రాణవాయువుని పొదుపు చేసుకోవడానికి కదలడం తగ్గించేస్తుంది. అంటే కదలిక తగ్గడం బిడ్డ పంపే కబురు కావచ్చు. బీపీ, షుగరు ఉన్నవాళ్ళూ, బిడ్డ ఎదుగుదల తక్కువగా ఉందని చెప్పించుకున్నవాళ్ళూ, నెలలు నిండి తేదీ దాటినవాళ్ళూ మరీ జాగ్రత్తగా ఉండాలి.

ఎలా గమనించాలి?

మన ఆసుపత్రుల్లో ఎక్కువగా చెప్పే పద్ధతి సులువైనదే. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి తిన్న తర్వాత ఒక్కో గంట ఎడమవైపు తిరిగి పడుకుని కదలికలు లెక్కపెట్టాలి. గంటకి కనీసం మూడు ఉండాలి. ఇంకో పద్ధతి, రోజూ ఒకే వేళకి పడుకుని పది కదలికలు ఎంతసేపట్లో వచ్చాయో చూడటం. రెండు గంటల్లో పది రాకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి. పది చింతపిక్కలు దగ్గర పెట్టుకుని, కదిలినప్పుడల్లా ఒకటి పక్కకి తీస్తే లెక్క తప్పదు. పాలవాడి లెక్క రాసుకునే క్యాలెండరు మీదే ఇదీ రాసుకోండి. ఎక్కిళ్ళలా ఒకే వరసలో వచ్చే చిన్న కుదుపులు లెక్కలోకి రావు.

అంకె సరిపోయినా, "ఎందుకో ఇవాళ తేడాగా ఉంది" అనిపిస్తే ఆ అనుమానాన్నే నమ్మండి.

తగ్గితే ఏం చెయ్యాలి?

చల్లటి నీళ్ళు తాగి, తీపి తిని చూడమని చెప్తారు. వాటితో కాలయాపన వద్దు. పగలైనా అర్ధరాత్రయినా అప్పుడే ఆసుపత్రికి బయల్దేరండి. బండి దొరక్కపోతే 108కి ఫోన్ చెయ్యండి. అక్కడ బిడ్డ గుండె చప్పుడుని యంత్రం మీద కనీసం ఇరవై నిమిషాలు చూస్తారు. అవసరమైతే స్కానింగ్ చేస్తారు. చాలాసార్లు అంతా బాగానే ఉంటుంది, నిశ్చింతగా ఇంటికొస్తారు. "అనవసరంగా వచ్చామే" అని సిగ్గుపడకండి. మళ్ళీ తగ్గితే మళ్ళీ వెళ్ళండి. ఇంట్లో వాడే గుండె చప్పుడు మిషన్లని నమ్ముకుని ఆగిపోకండి. చప్పుడు వినబడినంత మాత్రాన బిడ్డ క్షేమమని కాదు.

ఇక, ఎక్కువ తన్నితే మగపిల్లాడు, కుదురుగా ఉంటే ఆడపిల్ల అనే మాటలు కాలక్షేపానికే. ఆ మాటలు పట్టుకుని స్కానింగ్‌లో అడగబోకండి. కడుపులో ఉన్నది ఎవరో చెప్పడం 1994 నాటి చట్టం ప్రకారం నేరం.

గుర్తుంచుకోండి

* 28 వారాల తర్వాత వెల్లకిలా కాకుండా పక్కకి తిరిగి పడుకోండి.
* రోజూ ఒకే వేళకి కదలికలు గమనించండి.
* తగ్గినా, ఆగినా, తీరు మారినా అదే రోజు, అదే గంటలో వెళ్ళండి.
* రక్తస్రావం అయినా, ఉమ్మనీరు పోయినా లెక్కపెడుతూ కూర్చోకండి. వెంటనే బయల్దేరండి.

చివరగా అమ్మలకీ, అత్తగార్లకీ ఒక్క మాట. మీ అమ్మాయో కోడలో "ఇవాళ సరిగా తిరగడం లేదు" అంటే, "ఏం కాదులే" అని మాత్రం అనకండి. చెప్పులేసుకుని తోడు వెళ్ళండి. ఆ సమయానికి మీరు చెయ్యగలిగిన పెద్ద సాయం అదే.