అక్షరాలను నిషేధిస్తే భద్రత రాదు

రెండేళ్ల కిందట న్యూట్రినోల మీద ఒక వ్యాసం పంపాను. వాటి వేగం కాంతి వేగం కంటే తక్కువని చెప్పడానికి, పాఠ్యపుస్తకాల్లో ఉండేటట్టే ఇంగ్లిష్ 'వి', పక్కన < గుర్తు, దాన్ని ఆనుకుని 'సి' రాశాను. తెర మీదికి వచ్చాక చూస్తే వాక్యం 'వి' దగ్గరే ఆగిపోయింది. పేరాలో సగం లేదు. ఎడిటర్ కత్తిరించారేమో అనుకున్నాను, పాపం ఆయన తప్పేమీ లేదు. సైట్‌లోని వడపోత ప్రోగ్రామ్ నా < గుర్తును చూసి బెదిరి, కింద ఎక్కడో ఉన్న > గుర్తు దాకా అంతా తీసిపారేసింది.

ఆ బెదురుకు కారణం ఉంది. బ్రౌజర్‌కు అందేది ఒకటే అక్షరాల వరుస. మనం చదవాల్సిన మాటలూ, 'ఇక్కడ బొమ్మ పెట్టు', 'ఈ ప్రోగ్రామ్ నడుపు' అనే ఆజ్ఞలూ అందులోనే కలిసి ఉంటాయి. < గుర్తు వెనకే ఇంగ్లిష్ అక్షరం వస్తే ఆజ్ఞ మొదలైందని బ్రౌజర్ అనుకుంటుంది. ఎవరో పంపిన సమీక్షనో ఫిర్యాదునో ఉన్నదున్నట్టు పేజీలో పెడితే, అందులో దాచిన ప్రోగ్రామ్ చదివేవారి ఖాతాలో, వారి అధికారంతోనే నడుస్తుంది.

2005 అక్టోబరులో మైస్పేస్‌లో జరిగింది ఇదే. 19 ఏళ్ల సామీ కమ్‌కార్ తన ప్రొఫైల్‌లో చిన్న ప్రోగ్రామ్ దాచాడు. ఆ ప్రొఫైల్ చూసినవారి తరఫున అది అతనికి స్నేహ అభ్యర్థన పంపేది. 'సామీయే నా హీరో' అన్న అర్థం వచ్చే మాటను వారి ప్రొఫైల్‌లో చేర్చి, తానూ అక్కడికి పాకేది. సుమారు 20 గంటల్లో 10 లక్షల మందికి పైగా దాని బారిన పడ్డారు. మైస్పేస్ ఏమీ చూసుకోలేదని కాదు. 'జావాస్క్రిప్ట్' అనే మాటనే నిషేధించింది. అతను 'జావా' ఒక వరుసలో, 'స్క్రిప్ట్' కింది వరుసలో రాశాడు. వడపోతకు అవి రెండు ముక్కలు, కొన్ని బ్రౌజర్లకు మాత్రం ఒకే మాట.

నిషేధ జాబితాలతో వచ్చే చిక్కు ఇదే. దొంగ పక్కదారి వెతుక్కుంటాడు, దారిన పోయే న్యూట్రినో దొరికిపోతుంది. నా ఉద్దేశంలో చేయాల్సింది వేరు. వచ్చిన రాతను ముట్టుకోకుండా దాచాలి. చూపించే క్షణంలో మాత్రం < గుర్తు స్థానంలో దాని సంకేతాన్ని పంపాలి. అప్పుడు బ్రౌజర్ దాన్ని ఆజ్ఞగా తీసుకోదు, గుర్తుగా గీస్తుంది. దాచేటప్పుడే మార్చేస్తే ఏమవుతుందో మీరు చూసే ఉంటారు. కొన్ని రసీదుల మీద దుకాణం పేరులోని & గుర్తు పక్కన 'ఏఎంపీ' అని అర్థంలేని అక్షరాలు వస్తాయి. దాచేటప్పుడు ఒకసారి, చూపేటప్పుడు ఇంకోసారి మార్చిన ఫలితం అది. పైగా మామూలు పేరాలో సరిపోయే మార్పు లింకు చిరునామాలో సరిపోదు. ఆ రాత ఎక్కడికి వెళ్తుందో చూపేటప్పుడే కదా తెలిసేది!

బొద్దు అక్షరాలూ లింకులూ అనుమతించాల్సిన చోట పని కష్టమే. అక్కడ ఫలానావే రావచ్చని అనుమతి జాబితా పెట్టుకోవాలి. వడపోత కూడా బ్రౌజర్ చదివినట్టే చదవాలి. ఆ రెండూ తేడాగా చదవడం వల్ల 2019లో గూగుల్ సెర్చ్ పేజీలోనే లోపం బయటపడింది. సొంతంగా వడపోత రాసుకునే ధైర్యం కన్నా, డామ్‌ప్యూరిఫై లాంటి పదిమంది పరీక్షించినది వాడి, దాన్ని ఎప్పటికప్పుడు తాజాపరచుకోవడం మేలు.

ఇదంతా తెలుగువాళ్లకు ఇంకాస్త దగ్గరి సంగతి. 'సాఫ్ట్‌వేర్', 'రాజ్‌కుమార్' అని పొల్లు విడిగా నిలవాలంటే మధ్యలో వెడల్పు లేని, కంటికి కనపడని ఒక యూనికోడ్ సంకేతం ఉండాలి. 'అనుమానాస్పద' అక్షరాలను ఏరిపారేసే ప్రోగ్రామ్ దాన్నీ తీసేస్తే 'సాఫ్ట్వేర్', 'రాజ్కుమార్' మిగులుతాయి. ఆ కుర్రాడి సర్టిఫికెట్ మీద పడేది ఆ పేరే. ఇంగ్లిష్ అక్షరాలూ అంకెలూ తప్ప ఏవీ ఒప్పుకోని దరఖాస్తులైతే మన పేరునే దాడిగా లెక్కేస్తాయి.

2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞా' ప్రపంచమంతా వార్తల్లోకెక్కింది గుర్తుందా? దాని మధ్యలో ఇదే కనపడని సంకేతం ఉంటే ఐఫోన్‌లో యాప్‌లు మూతపడేవి. తెలుగు అక్షరం ఫోన్లను చంపుతోందని శీర్షికలు పెట్టారు. తప్పు అక్షరానిది కాదు, దాన్ని గీసే సాఫ్ట్‌వేర్‌ది. యాపిల్ ఐఓఎస్ 11.2.6లో సరిచేసింది దాన్నే.

మీ ఊరి కార్యాలయం కొత్త ఆన్‌లైన్ దరఖాస్తు తెస్తే, పేరు గడిలో 'రాజ్‌కుమార్ < & >' అని రాసి చూడండి. పంపేముందు తెర మీద చూపించే నకలులో అక్షరం పొల్లుపోకుండా అదే కనిపించాలి. కనిపించకపోతే, వాళ్ల సమాచార భద్రత గురించి ఒక ఫిర్యాదు కూడా రాయవచ్చు. అందులో మాత్రం < గుర్తు వాడకండి.